కవర్ మీద లేని పేర్లు

రెగే మౌసిఖీ అనగానే అందరికీ యాదొచ్చేది బాబ్ మార్లే. ఆయన షోహ్రత్‌ను నేను తక్కువ చేయను. కానీ రెగేను దునియాకు చేర్చిన ‘క్యాచ్ ఎ ఫైర్’ ఆల్బమ్ దాస్తాన్‌లో చాలామంది మెహనత్ ఉంది.

జమైకా గులామీ చూసిన నేల. 1838లో గులామీ పోయాక, 1845 నుంచి చెరకు తోటల కోసం హిందుస్తానీ మజ్దూర్లను ఓడలెక్కించారు. వాళ్లతో వెళ్లిన మొహర్రం అక్కడ ‘హోసే’ అయింది. ఈ ఆల్బమ్‌కు పేరిచ్చిన ‘స్లేవ్ డ్రైవర్’ పాట ఆ గులామీ గురించే.

1972లో వెయిలర్స్ బ్యాండు లండన్‌లో పైసల్లేక ఇరుక్కుపోయింది. ఐలాండ్ రికార్డ్స్ యజమాని క్రిస్ బ్లాక్‌వెల్ 4,000 పౌండ్లు ఇచ్చాడు. కింగ్‌స్టన్ వెళ్లి రికార్డు చేశారు. మార్లే, పీటర్ టోష్, బన్నీ వెయిలర్ గొంతులు. ఆస్టన్ బారెట్ బేస్ గిటార్, తమ్ముడు కార్ల్‌టన్ డ్రమ్స్. రెగేలో పాటను మోసేది బేసే. కార్ల్‌టన్ వాయించే ‘వన్ డ్రాప్’లో మొదటి దెబ్బ ఖాళీ, బరువంతా మూడో దెబ్బ మీద.

టేపులు లండన్ చేరాక, రాక్ వినేవాళ్లకు నచ్చాలని బ్లాక్‌వెల్ అమెరికన్లు వేన్ పెర్కిన్స్ గిటార్, జాన్ బండ్రిక్ కీబోర్డు కలిపించాడు. 1973లో రికార్డు వచ్చింది. సిగరెట్ లైటర్‌లా తెరుచుకునే ఆ కవర్ మీద వీళ్లిద్దరి పేర్లు లేవు. ‘కాంక్రీట్ జంగిల్’లో బేస్ వాయించిన రాబీ షేక్‌స్పియర్ పేరూ లేదు. తర్వాత వేసిన కవర్ మీద మార్లే ఫోటో ఒక్కటే మిగిలింది. కింగ్‌స్టన్‌లో చేసిన అసల్ రూపం జనానికి దొరికింది 2001లో.

1987లో కార్ల్‌టన్ ఖత్ల్ అయ్యాడు. రాయల్టీల్లో తన హక్ కోసం ఆస్టన్ లండన్ హైకోర్టు మెట్లెక్కాడు. 1994లోనే సెటిల్‌మెంట్ అయిందన్న కారణంతో 2006లో కేసు కొట్టేశారు. 2024లో ఆయనా పోయాడు. కానూన్ హిసాబు ముగిసింది. ఆ బేస్ మాత్రం ఇప్పటికీ ఆయనదేనని చెవికి తెలుస్తుంది.

నేనీ మాట ఎందుకు రాస్తున్నానంటే, మన ఇళ్లలోని పాత ఖవ్వాలీ క్యాసెట్ల అట్టల మీదా ఖవ్వాల్ పేరే పెద్దగా ఉంటుంది. ఢోలక్ ఎవరిది, బెంజో ఎవరిది? మన సూళ్లూరుపేటలో షాదీ బారాత్ ముందు చెమటోడ్చి క్లారినెట్ ఊదే భాయ్ పేరేమిటి? ఈసారి బారాత్‌లో చేతిలో నోటు పెట్టేటప్పుడు పేరు కూడా అడగండి. పిల్లలకు వినిపించేలా అడగండి.