పుటల పట్టిక కథ

చదువుకొను విద్యార్థి బల్లమీద నాలుగైదు పుస్తకములకు మించి చోటుండదు. మిగిలినవి బీరువాలో నుండును. కావలసినప్పుడు లేచి ఒకటి తెచ్చుకొని, అక్కర తీరినదానిని తిరిగి బీరువాలో పెట్టవలెను. అదే బల్లవద్ద నలుగురు విద్యార్థులు కూర్చుండిరనుకొనుడు. అప్పుడు మరియొక చిక్కు వచ్చును. ఒకరి నోటుపుస్తకములో మరియొకరు వ్రాయకుండ చూడవలెను. మొదటిది వేగమునకు సంబంధించిన సమస్య. రెండవది రక్షణకు సంబంధించినది. కంప్యూటరులో ఈ రెండింటిని తీర్చునది ఒకే ఏర్పాటు. దానిని పుటల పట్టిక యందురు. ప్రతిదినము కంప్యూటరును వాడువారిలో కూడ పలువురు దీని పేరు విని యుండరు.

కంప్యూటరులోని ప్రోగ్రాములన్నిటికి చోటును, సమయమును పంచిపెట్టు పెద్ద ప్రోగ్రామునకు ఆపరేటింగ్ సిస్టమని పేరు. పుటల పట్టికను వ్రాయునది ఇదియే. ఈ పట్టిక ఎట్లు పుట్టినదో చూతము.

ఇంగ్లండులోని మాంచెస్టరు విశ్వవిద్యాలయమున టామ్ కిల్‌బర్న్ నాయకత్వమున, ఫెరాంటి కంపెనీ సహకారముతో నిర్మించిన అట్లాస్ అను కంప్యూటరును 1962 డిసెంబరు 7వ తేదీన ప్రారంభించిరి. దానికి రెండు విధములైన స్మృతులుండెను. అయస్కాంతపు పూసలతో చేసిన కోర్ స్మృతి వేగము గలది. కాని అందులో 16,384 పదములు మాత్రమే పట్టును. ఇక్కడ పదమనగా 48 బిట్ల సంఖ్య. రెండవది తిరుగుచుండు డ్రమ్ములపై నున్న స్మృతి. అందులో 98,304 పదములు పట్టును. కాని డ్రమ్ము ఒకసారి తిరుగుటకు 12 మిల్లీసెకండ్లు కావలెను. కోర్ స్మృతి పనికి 2 మైక్రోసెకండ్లు చాలును. అనగా ఒకదానికి మరియొకదానికి 6,000 రెట్ల తేడా కలదు.

అంతకు ముందు డ్రమ్ము నుండి ఏ భాగమును ఎప్పుడు తేవలెనో ప్రోగ్రాము వ్రాయువాడే నిర్ణయించుకొనవలసి వచ్చెడిది. గణితమునందు నిపుణుడైనవాడు తన కాలములో చాల భాగమును ఈ మోతబరువు పనికే వెచ్చించెడివాడు. కిల్‌బర్న్ బృందము ఈ భారమును యంత్రముపై పెట్టెను. స్మృతిని 512 పదములు గల పుటలుగా విభజించిరి. కోర్ స్మృతిలో అట్టివి 32 పుటలు. ప్రతి పుటకు ఒక చిన్న రిజిస్టరు నమర్చి, ప్రస్తుతము అందులో ఏ పుట యున్నదో వ్రాసి యుంచిరి. ప్రోగ్రాము ఒక పుటను కోరగానే ఈ 32 రిజిస్టర్లును ఒక్కసారిగా సరిచూచుకొనును. దొరికినచో పని సాగును. లేనిచో ఆపరేటింగ్ సిస్టము ఆ ప్రోగ్రామును కొంచెము ఆపి, డ్రమ్ము నుండి పుటను తెప్పించును. వచ్చు పుట ఎదురు చూడకుండ నొక పుటను ఎల్లప్పుడు ఖాళీగా నుంచెడివారు. చాలకాలము అక్కర పడని పుట ఏదో అంచనా వేసి, దానిని డ్రమ్మునకు పంపుటకు వేరొక ప్రోగ్రాము కూడ నుండెను. ప్రోగ్రాము వ్రాయువానికి మాత్రము రెండు స్మృతులును కలిసి ఒకే పెద్ద స్మృతివలె కనిపించెను.

ఆ రిజిస్టరులోనే ఒక బిట్టును తాళముగా నుపయోగించిరి. ఇతర ప్రోగ్రాములకు చెందిన పుటలను ముట్టకుండ ఆ తాళము అడ్డుకొనును. ఇట్లు వేగమునకై పుట్టిన పట్టికయే కాపలా పనిని కూడ నెత్తికెత్తుకొనెను.

తరువాతివారు ఈ పట్టికతో మరికొన్ని ఉపాయములు పన్నిరి. అమెరికాలో టెనెక్స్ అను ఆపరేటింగ్ సిస్టమును గూర్చి 1972లో వెలువడిన వ్యాసములో ఒకటి కనిపించును. రెండు ప్రోగ్రాములకు ఒకే సమాచారము కావలసినప్పుడు రెండు ప్రతులు తీయనక్కరలేదు. రెండింటికి ఒకే పుటను చూపి, "చదువవచ్చును, వ్రాయరాదు" అని పట్టికలో గుర్తు పెట్టిన చాలును. ఎవరైన వ్రాయబోయినప్పుడే వారికి వేరు ప్రతి తీయుదురు. వ్రాయువారు లేనిచో ప్రతి తీయు శ్రమయే లేదు. నేటి లినక్సు మొదలైనవి కూడ ఈ పద్ధతినే అనుసరించుచున్నవి.

అయినను తాళమునందొక లోపముండెను. 1988 నవంబరు 2వ తేదీన రాబర్ట్ టాపన్ మోరిస్ అను విద్యార్థి విడిచిన ప్రోగ్రామొకటి ఇంటర్నెట్టులో తనంతట తాను వ్యాపించెను. సుమారు 6,000 కంప్యూటర్లు దాని బారిన పడినవని అప్పటి అంచనా. అది వాడిన మార్గములలో నొకటి ఇట్టిది: 512 అక్షరములు పట్టు చోటిలోనికి అంతకంటె ఎక్కువ అక్షరములు పంపిరి. పొంగిన అక్షరములు ప్రక్కనున్న చోటును కప్పివేయగా, పంపిన అక్షరములలో కొన్ని ఆజ్ఞలుగా అమలైనవి. ఉత్తరము వ్రాసికొను కాగితముపై పరాయివాడు ఆజ్ఞ వ్రాసిపోగా, నౌకరు దానిని యజమాని ఆజ్ఞయే యని పాటించినట్లయ్యెను.

దీనికి విరుగుడు కూడ పట్టికలోనే దొరికెను. సమాచారమున్న పుటను ఆజ్ఞలుగా అమలు చేయరాదని ఒక బిట్టుతో గుర్తు పెట్టవచ్చును. కాని 1985లో వచ్చిన ఇంటెల్ 80386 ప్రాసెసరు పుటల పట్టికలో అట్టి బిట్టు లేదు. ఆ వంశపు ప్రాసెసర్లలో ఈ బిట్టు 2003లో ఎ.ఎమ్.డి. చిప్పులతో వచ్చెను. 2001లో పాక్స్ అను లినక్సు పథకమువారు మరియొక రక్షణ చేర్చిరి. ప్రోగ్రాము భాగములను ప్రతిసారి వేర్వేరు చిరునామాలలో పెట్టినచో, దొంగకు ఇల్లు తెలియదు. ఈ పద్ధతి 2005లో లినక్సు మూలములోనికి, 2007లో విండోస్ విస్టాలోనికి ప్రవేశించెను.

ఇంతవరకు వేగమును, రక్షణయు చేయి చేయి కలిపి నడిచినవి. 2018 జనవరిలో ఆ రెండింటికి పోరు వచ్చెను. ఆపరేటింగ్ సిస్టమును తరచుగా పిలువవలసి యుండుటచే, వేగమునకై దాని పుటలను కూడ ప్రతి ప్రోగ్రాము పట్టికలోనే తాళము వేసి యుంచెడివారు. ప్రాసెసరులు సైతము వేగమునకై తాళమును సరిచూచుట ముగియకముందే లోపలి సమాచారముతో పని ప్రారంభించుచుండెను. తాళము కనిపించగానే ఆ ఫలితమును పారవేయును. కాని దాని జాడ క్యాషె స్మృతిలో మిగిలిపోవును. ఏ చిరునామా త్వరగా పలుకుచున్నదో కాలము కొలిచి చూచినచో, ఆ జాడనుండి రహస్యమును చదువవచ్చునని పరిశోధకులు కనుగొనిరి. దీనికి మెల్ట్‌డౌన్ అని పేరు పెట్టిరి.

విరుగుడు సులువే గాని ఖర్చు గలది. ప్రోగ్రామునకొక పట్టిక, ఆపరేటింగ్ సిస్టమునకు వేరొక పట్టిక నేర్పాటు చేసి, పిలిచినప్పుడెల్ల పట్టికను మార్చవలెను. ఆస్ట్రియాలోని గ్రాట్స్ సాంకేతిక విశ్వవిద్యాలయమువారు 2017లోనే ఇట్టి పద్ధతిని ప్రతిపాదించియుండిరి. లినక్సు 2018 జనవరిలో దానిని స్వీకరించెను. ఆపరేటింగ్ సిస్టమును మాటిమాటికి పిలుచు పనులలో వేగము తగ్గెను.

పాఠశాలలోని కంప్యూటరు "మార్పులు స్థాపించవలెను" అని అడిగినప్పుడు, నెమ్మదించునేమోయని వాయిదా వేయుట పరిపాటి. అట్టి మార్పులలో కొన్ని ఈ పట్టిక తాళములను బాగుచేయునవియే. కొద్దిపాటి వేగము పోయినను, విద్యార్థుల పేర్లు, మార్కులు, సంకేతపదములు గల పుటలు భద్రముగా నుండుట మేలు గదా!