విజయపురి: నీటిమీది శిఖరము, నీటిక్రింది నగరము

పల్నాటి పశ్చిమ సీమయందు, నల్లమల శాఖలు మూడు దిక్కుల ప్రాకారముగా నిలిచి నాల్గవ దిక్కును కృష్ణవేణికి విడిచిన చోట, ఒక విశాలమైన లోయ యుండెడిది. ఆ లోయలో ఏటియొడ్డున లేచిన గిరి నాగార్జునకొండ. వేసవి సెలవులు వచ్చినంతనే బిడ్డలను వెంటబెట్టుకొని, సద్దిమూటలతో, మంచినీళ్ళ సీసాలతో మా విజయపురి సౌత్ రేవునకు వచ్చి లాంచీ యెక్కు యాత్రికులు చేరునది ఆ కొండ శిరోభాగమునకు మాత్రమే. కొండ నడుము, కొండ పాదము, దానిని చుట్టుకొని వెలసిన రాజధాని, విహారములు, చైత్యములు, దేవాలయములు, వీధులు, రేవులు సమస్తమును నాగార్జునసాగర జలాశయపు అడుగున కలవు. ఇచ్చటికి వచ్చువారు ఆ అడుగునున్న నగరమును కొంతయైనను మనసున నిలుపుకొని పైనున్న ద్వీపమును చూడవలెనని ఈ ఊరివాడనైన నా కోరిక. ఈ నాలుగు మాటలు వ్రాయుటకు కారణమును అదియే.

శాతవాహన సామ్రాజ్యము క్షీణించిన పిమ్మట, క్రీస్తుశకము మూడవ శతాబ్దమున, ఇక్ష్వాకులు ఈ లోయను రాజధానిగా చేసికొనిరి. నగరమునకు విజయపురియని పేరు; ప్రక్కనున్న గిరి శ్రీపర్వతము. వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు వంశస్థాపకుడు, అశ్వమేధయాజి. అతని తరువాత మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు, అతని పిదప ఎహువుల శాంతమూలుడు, కడపట రుద్రపురుషదత్తుడు ఏలిరి. నాల్గవ శతాబ్దారంభమున పల్లవుల విజృంభణముతో ఆ వంశము అస్తమించినది. ఒక శతాబ్దముపాటైనను సాగని ఆ యేలుబడిలో ఈ లోయ సంతరించుకొన్న వైభవము, తెలుగునేలపై అంతకు ముందును తరువాతను అంత స్వల్పకాలమున మరియొక చోట కానరాదని నేను నమ్ముచున్నాను. రాజులు వైదిక క్రతువులు చేసిరి. నదీతీరమున అష్టభుజస్వామికి, పుష్పభద్రస్వామికి, సర్వదేవునకు ఆలయములు వెలసినవి. అదే కాలమున, అదే లోయలో, బౌద్ధసంఘములకు ఒక్కొక్కదానికి ఒక్కొక్క విహారము కట్టబడినది.

ఈ విహారముల వెనుక నున్నది ప్రధానముగా స్త్రీల దానశీలము. శాంతమూలుని సోదరి, వీరపురుషదత్తునికి మేనత్తయు అత్తగారును అయిన శాంతిశ్రీ మహాచైత్యమునకు స్తంభములు నిలిపి, వాటిపై తన దానమును చెక్కించినది. అవి వీరపురుషదత్తుని ఆరవ పాలన సంవత్సరమునాటివి. రాజకుటుంబమునకు చెందని బోధిశ్రీయను ఉపాసిక చుళధమ్మగిరిపై చైత్యగృహము కట్టించి, సింహళమునుండి వచ్చిన ఆచార్యులకు సమర్పించినది. కాశ్మీర గాంధార చీనా దేశములవారిని ధర్మమార్గమునకు మరల్చిన ఘనత ఆ ఆచార్యులదని ఆమె శాసనము కొనియాడుచున్నది. పల్నాటి లోయలో దానము చేసిన ఒక గృహిణి తన శాసనములో ఇన్ని దేశములను స్మరించినదన్న సంగతి మా పిల్లలకు పాఠశాలలో మొదట చెప్పవలసిన సంగతి. మ్యూజియములో ఈ ఇక్ష్వాకు శాసనముల యెదుట కొంతసేపు నిలువుడు. భాష చాలవరకు ప్రాకృతము, లిపి బ్రాహ్మి. చదువ రాకపోయినను చూడ వచ్చును: అక్షరముల నిలువుగీతలు పైకిని క్రిందికిని దీర్ఘముగా సాగి కొనలయందు సొగసుగా వంపు తిరిగి యుండును. పాలిపోయిన ఆకుపచ్చ చాయగల మా పలనాటి సున్నపురాతిపై, ఉలి ఎక్కడను తడబడక, ఒక్కొక్క తీగను లాగినట్లు చెక్కిన ఆ లేఖకుని చేయి, అతని పేరు తెలియకపోయినను, మనకు పరిచయమగును.

విజయపురి పతనమైన తరువాత అరణ్యము దానిని కప్పివేసినది. మధ్యయుగమున కొండపై ఒక కోట లేచినది. దాని గోడలను నేడును చూడవచ్చును. లోయలో పుల్లారెడ్డిగూడెమను పల్లె, లంబాడీల తండాలు, జొన్నచేలు మిగిలినవి. దిబ్బల నడుమ నిలిచిన రాతిస్తంభములను పశుల కాపరులెరుగుదురు గాని పండితులెరుగరు. 1926లో మద్రాసు శాసనశాఖకు చెందిన ఎ. రంగస్వామి సరస్వతి ఇచ్చటి దిబ్బలను గుర్తించుటతో లోకమునకు దీని ఉనికి తెలిసినది. 1927 మొదలు 1931 వరకు ఎ. హెచ్. లాంగ్‌హర్స్ట్ త్రవ్వకములు జరిపెను. మహాచైత్యమున, బంగారు బరిణెలో నిక్షిప్తమైన చిన్న అస్థిశకలము ఆయనకు లభించినది. అది బుద్ధధాతువని నిర్ణయింపబడి సారనాథలోని మూలగంధకుటీ విహారమునకు చేరినది. ఆ మహాచైత్యపు పునాది ఇటుక గోడలతో, ఇరుసు ఆకులుగల చక్రాకారమున నిర్మింపబడినది. నూరడుగులకు మించిన వ్యాసము దానిది. 1938లో టి. ఎన్. రామచంద్రన్ మరికొంత త్రవ్వెను. ఆ దినములలో పరిశోధకులు మాచర్లలో రైలు దిగి, అడవిదారిని ఎడ్లబండ్లపై కనుమ దాటి లోయలోనికి రావలసి యుండెడిది.

అంతట ఆనకట్ట వచ్చినది. కృష్ణాజలములను మెట్టపొలములకు మరల్పవలెనని ముక్త్యాల రాజావారు ఎంతయో పాటుపడిరి. 1952లో ఖోస్లా సంఘము ఆనకట్టకై నందికొండ స్థలమును పరిశీలించినది. 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసెను. ఆనకట్ట నిలిచినచో లోయ మునుగుట నిశ్చయము. అందువలన 1954 మొదలు 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధిపత్యమున, ఒక వంక ఆనకట్టకు పునాదులు త్రవ్వుచుండగా, మరియొక వంక నగరమును త్రవ్వుచు వచ్చిరి. నీటితో పందెము వేసి చేసిన పని అది. రాతియుగపు పనిముట్లు, బృహచ్ఛిలా సమాధులు మొదలుకొని మధ్యయుగపు కట్టడముల వరకు లోయ తన వేల యేండ్ల చరిత్రను ఆ కొలది సంవత్సరములలో విప్పిచూపినది. ముఖ్యమైన కట్టడములను ఇటుకయిటుకగా, రాయిరాయిగా ఎత్తి, కొన్నిటిని కొండపైకి, కొన్నిటిని తూర్పుగట్టున అనుపునకు తరలించి తిరిగి నిలిపిరి. అదే కాలమున పల్లెలవారు, తండాలవారు తమ యిండ్లను విడిచి గట్టునకు చేరిరి. విహారముల తరలింపును గూర్చి గ్రంథములు కలవు. ఈ మనుష్యుల తరలింపును గూర్చి వ్రాసినవారు అరుదు. ఆనకట్టకు రాళ్ళు మోసిన పాలమూరు కూలీలను గూర్చియు అంతియే. యంత్రములకంటె మనుష్యుల భుజములపైననే ఎక్కువగా ఆధారపడి, 124 మీటర్ల యెత్తున లేచిన ఆ రాతికట్టడమును చూచునప్పుడు వారిని తలపకుండుట న్యాయము కాదు. 1967 ఆగష్టు 4వ తేదీన ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచిరి. కుడికాలువ మా పల్నాటి జొన్న, కంది పొలములలో వరిని, మిరపను పండించినది. ఆ నీటి అన్నము తినుచు మునిగిన నగరము కొరకు ఆనకట్టను నిందించుట నాకు చేతకాదు. నగరమును మరచుటయు చేతకాదు.

ఇక వేసవి యాత్ర సంగతి. జలాశయపు నిండుమట్టము 590 అడుగులు. కాలువలకు నీరిచ్చి యిచ్చి వైశాఖ జ్యేష్ఠములనాటికి అది 520 అడుగులకును, కొన్ని యేండ్లలో అంతకు దిగువకును పోవును. అప్పుడు లాంచీనుండి చూచినచో కొండచరియలపై, నీరు నిలిచి తొలగిన మేర, పాలిపోయిన పట్టె ఒకటి చుట్టును కనిపించును. దానికి పైన పచ్చని పొదలు, దానికి క్రింద బోసి రాళ్ళు. వర్షఋతువులో వచ్చినవారికి గేట్ల పొంగు దక్కును గాని కొండ యొక్క అసలు యెత్తును కొంతయైనను గ్రహించు భాగ్యము వేసవి యాత్రికునిదే. లాంచీ ముక్కాలుగంటకు పైగా నడుచును. ఉదయమున మొదటి లాంచీకే బయలుదేరవలెను. పదునొకండు గంటలు దాటినచో పలనాటి యెండకు ఆ రాతిబాటలపై చెప్పులు లేని పాదము నిలువదు. మ్యూజియము విహారరూపమున కట్టబడినది. బుద్ధుని నిలువెత్తు మూర్తి, జాతకకథల ఫలకములు, రోమక నాణెములు అందరును చూతురు. నేను చూడుమని కోరునది ఛాయాస్తంభములను. మరణించినవారి జ్ఞాపకార్థము నిలిపిన రాళ్ళు అవి. వానిలో ఒకటి శాంతమూల మహారాజుకు అతని తల్లులు, సోదరీమణులు, భార్యలు కలిసి నిలిపినది. మరికొన్ని యుద్ధమున మడిసిన సేనానులకు, ఒకటి ఒక శిల్పికి. రాజునకును రాతిపనివానికిని ఒకే విధమైన గౌరవము చేసిన ఊరు మాది.

ఒక్క విషయము బాధతో చెప్పవలసియున్నది. లాంచీ తిరుగు వేళను బట్టి ద్వీపముపై యాత్రికులకు సామాన్యముగా దొరకునది గంటసేపే. అంతలో మ్యూజియము గదులు చుట్టివచ్చి, తోటలో ఫలహారము చేసి, ఈల వినబడగానే పరుగెత్తుదురు. కొండపై తిరిగి నిలిపిన చైత్యములను, స్నానఘట్టమును, పెద్ద బండరాళ్ళ సమాధిని చూడనే చూడరు. వెళ్ళిన లాంచీలోనే రావలెనను నియమము సడలించి సాయంకాలమువరకు ఉండనిచ్చినచో, యాత్ర యాత్రగా నుండును. ఈ మాట మా ఊరివారము చాలకాలముగా చెప్పుచున్నాము.

అనుపు చూడనివాడు విజయపురిని సగమే చూచినవాడు. ఊరినుండి కొలది దూరమున నీటియొడ్డుననే యున్నది. బస్సుకంటె ఆటో మేలు. ద్వీపమునకు పోవు జనములో పదవవంతు ఇచ్చటికి రారు, కావున ప్రశాంతముగా తిరుగవచ్చును. విహారముల అంతస్తులు, భిక్షువుల గదులు, మండపముల స్తంభపీఠములు, కొంచెము ఎగువన హారీతి ఆలయము, వీనినన్నిటిని మించి రంగస్థలము. నడుమ దీర్ఘచతురస్రపు ప్రాంగణము, నలువైపుల మెట్లు మెట్లుగా ఆసనములు, వానిపై నాపరాతి పలకలు. ప్రాంగణమధ్యమున ఒకరు నిలిచి మెల్లగా మాటాడగా పైమెట్టున కూర్చున్నవారికి ఆ మాట స్పష్టముగా వినబడును. బడిపిల్లలు ఇచ్చట చప్పట్లు కొట్టి ఆనందించుట నేను పలుమారులు చూచితిని. మల్లయుద్ధములకో, సంగీతమునకో, రెండింటికిని తగునట్లో కట్టిన ఈ రంగము భారతదేశమున ఇట్టి కట్టడములలో అత్యంత విరళమైనది. సాయంకాలము ఎండ చల్లబడినప్పుడు పైమెట్టున కూర్చుండి పడమటి వంక చూచినచో నీటి నడుమ కొండ కనబడును. ఈ రంగము మొదట ఆ నీటి అడుగున నున్న నేలపైనే యుండెడిది. అందుచేత నా సలహా యిది: మొదటి దినమున అనుపు, రెండవ దినమున ద్వీపము. తారుమారు చేసినచో అలసటవలన అనుపు ఎప్పుడును మిగిలిపోవును.

మాచర్ల దారిలో ఎత్తిపోతల జలపాతమున్నది. చంద్రవంక సుమారు 70 అడుగుల యెత్తునుండి లోయలోనికి దుముకును. వేసవిలో ధార సన్నగిల్లినను, లోయ చల్లదనము తగ్గదు. ప్రక్క గుహలో దత్తాత్రేయుడున్నాడు. లంబాడీలు ఆ స్వామిని మిక్కిలి భక్తితో కొలుతురు. దిగువ మడుగున మొసళ్ళున్నవి, కావున నీటిలోనికి దిగరాదు; పిల్లల చేయి విడువరాదు. ఈ చంద్రవంక ఒడ్డుననే, ఎగువ మాచర్లలో, బ్రహ్మనాయుని పేరు వినిపించు చెన్నకేశవాలయమున్నది. పల్నాటి యుద్ధకథ వినియున్నవారు అటు పోక మానరు. ఆనకట్ట ఆవలి గట్టు ఇప్పుడు తెలంగాణమున చేరినది; అచ్చట హిల్ కాలనీ వైపు 2022లో బుద్ధవనము తెరువబడినది. ఆ గట్టునుండియు ద్వీపమునకు లాంచీలు కలవు.

శుక్రవారము మ్యూజియమునకు సెలవు. ఆ దినమున వచ్చినవారు ఉదయము అనుపు, మధ్యాహ్నము దాటిన పిదప ఎత్తిపోతల చూచుకొని, రాత్రి ఊరిలోనే విశ్రమించి, శనివారము తెల్లవారి మొదటి లాంచీకి రేవునకు రావలెను. సెలవులలో టిక్కెట్ల కిటికీ వద్ద వరుస పొడవుగా నుండును. సందడి పెరుగక ముందే చేరుట మంచిది.