దొంగ ఎవరు? — తరగతిలో డిటెక్టివ్ నవల



లెక్కల పుస్తకం మధ్యలో డిటెక్టివ్ నవల దాచుకుని చదివే పిల్లలు లేని ఇల్లు మా చిలకలగూడలో ఒకప్పుడు అరుదు. రైల్వే క్వార్టర్ల పిల్లలు తలా కాస్త వేసుకుని అద్దెకు తెచ్చిన పుస్తకం ఒక్కటే నాలుగిళ్లు తిరిగేది. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంటు రాజు వాళ్లకు సొంత మేనమామలంత చనువు. కంటబడితే మనం ఆ పుస్తకం లాక్కుని బీరువా మీద పడేసేవాళ్లం. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక మనమే దించి చదివేవాళ్లం, అది వేరే సంగతి!

అలాంటి నవలను హైస్కూలు పిల్లలకు సాహిత్య పాఠంగా చెప్పవచ్చునా? కాస్త వెనక్కి వెళ్లి చూద్దాం.

నేరం కథ మనకు పరాయిదేమీ కాదు. శూద్రకుడి మృచ్ఛకటికంలో గోడకు కన్నం వేసే దొంగ ఉన్నాడు, చెయ్యని హత్య నెత్తిన పడిన చారుదత్తుడున్నాడు, న్యాయస్థానంలో విచారణా ఉంది. దండి దశకుమార చరిత్రను 13వ శతాబ్దంలో కేతన తెనిగించి తిక్కనగారికి అంకితమిచ్చాడు. అందులో దొంగలూ, జూదాలూ, మారువేషాలూ కావలసినన్ని. ఆ కేతనే విజ్ఞానేశ్వరీయమనే ధర్మశాస్త్రాన్నీ, ఆంధ్రభాషాభూషణమనే వ్యాకరణాన్నీ తెలుగులో రాశాడు. కథ, న్యాయం, భాష మూడూ ఒక్క చేతి మీదుగా వచ్చాయన్నమాట.

ఇంగ్లీషులో ఎడ్గార్ అలన్ పో 1841లో దారి వేశాడు. 1868లో విల్కీ కాలిన్స్ రాసిన మూన్‌స్టోన్ డికెన్స్ పత్రికలో సీరియల్‌గా వచ్చింది. షెర్లాక్ హోమ్స్ పుట్టింది 1887లో. 20వ శతాబ్దం మొదటి దశాబ్దాల్లో బెంగాలీ నుంచి పాంచకడీ దే నవలలు తెలుగులోకి దిగి, మన పాఠకులకు అపరాధ పరిశోధన రుచి చూపించాయి.

బడికి కూడా ఇది కొత్త కాదు. అగాథా క్రిస్టీ 1939లో రాసిన అండ్ దెన్ దేర్ వర్ నన్ అమెరికాలో ఎన్నో బళ్లలో పాఠం. మన దగ్గర సీబీఎస్‌ఈ 12వ తరగతికి ఇన్విజిబుల్ మ్యాన్ కొన్నేళ్లు ఉండేది. దొంగతనం, హత్య, వేట అన్నీ అందులోనూ ఉన్నాయి.

నేను మా వీధి పదోతరగతి పిల్లలతో మూన్‌స్టోన్ కథ చదివించాను. 1799లో శ్రీరంగపట్నం ముట్టడిలో ఒక ఇంగ్లీషు దొర కాజేసిన వజ్రం అది. అతని మేనకోడలికి పుట్టినరోజు కానుకగా వస్తుంది, ఆ రాత్రే మాయమవుతుంది. కథ ఒక్కరు చెప్పరు. ఒకరి తరవాత ఒకరు, తాము స్వయంగా ఎరిగినంతవరకే రాస్తారు. సాక్షులు చెప్పినట్టే. 1872 నాటి సాక్ష్య చట్టం పోయి 2024 జూలైలో కొత్తది అమలులోకి వచ్చినా, విన్నమాట సాధారణంగా సాక్ష్యం కాదన్న సూత్రం అలాగే ఉంది.

పిల్లలచేత కాగితం మీద మూడు గళ్లు గీయించాను: చూసింది, విన్నది, అనుకున్నది. ప్రతి అధ్యాయం దగ్గరా ఆగి నింపమన్నాను. మూడో గడి ఎప్పుడూ ముందు నిండిపోయేది!

ఆ కథలో అనుమానం మొదట ముగ్గురు హిందూ బ్రాహ్మణుల మీదా, ఒకప్పుడు జైలుకు వెళ్లివచ్చిన పనిపిల్ల మీదా పడుతుంది. ఆ పిల్ల చివరికి ప్రాణం తీసుకుంటుంది. వజ్రం తీసింది ఆమె కాదు. ఎవరో మాత్రం చెప్పను, మీరే చదువుకోండి.

అక్కడ ఒక అమ్మాయి, "పిన్నిగారూ, అందరికీ ముందు ఆమే ఎందుకు కనిపించింది?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. అంతకు రెండేళ్ల ముందు మా ఇంట్లో చెవిదిద్దు ఒకటి కనిపించకపోతే, "నేను తియ్యలే అమ్మా" అని మొత్తుకుంటున్నా వినకుండా పనిమనిషిని ఆ పూటే మానిపించాను. నెల తరవాత దిద్దు బియ్యం డబ్బా అడుగున దొరికింది. వెతుక్కుంటూ ఆమె ఇంటికి వెళ్లాను. మంచినీళ్లిచ్చింది, కూర్చోమంది. మళ్లీ పనికి మాత్రం రాలేదు. నా మూడు గళ్లలో రెండు ఖాళీ అని అప్పుడు నాకెవరూ చెప్పలేదు.

అన్ని డిటెక్టివ్ నవలలూ పాఠానికి పనికొస్తాయని అనడం లేదు. నెత్తురూ, ఆడవాళ్ల మీద అఘాయిత్యమూ చూపించి సొమ్ము చేసుకునేవి ఉన్నాయి. వాటిని ఏరి పారేయాలి. మంచి నవల నేరం చెయ్యడం నేర్పదు, తొందరపడి నింద వెయ్యకుండా ఆపుతుంది.

ఈసారి పిల్లవాడి పుస్తకంలో నవల కనిపిస్తే లాక్కోకండి. పక్కన కూర్చుని, "ఎవరనుకుంటున్నావురా, ఎందుకనుకుంటున్నావు?" అని అడగండి. ఆ రెండో ప్రశ్నే పాఠం. చివరి పేజీ మాత్రం మీరు ముందే చదివి చెప్పేయకండేం!

సెలవు.