కొండ మూస్తారు, కాళహస్తి తెరుస్తారు

సూర్యగ్రహణం వస్తోందంటే మా తిరుపతిలో మొదట వినబడే మాట ‘కొండ ఎప్పుడు మూస్తారు?’ అని. బస్టాండులో, పూలంగళ్ల దగ్గర, సత్రాల్లో అదే విచారణ. దాని వెనకాలే ‘కాళహస్తికి పోదామా?’ అన్న మాట వస్తుంది. నలభై కిలోమీటర్లయినా ఎడం లేని రెండు మహాక్షేత్రాలు ఒకే గ్రహణానికి రెండు విధాలుగా నడుచుకుంటాయి.

తిరుమలలో గ్రహణానికి గంటల ముందే తలుపులు వేస్తారు. అన్నప్రసాదం పొయ్యిలూ ఆరిపోతాయి. విడిచాక శుద్ధి, పుణ్యాహవచనం జరిగితేనే దర్శనం. శ్రీకాళహస్తిలో తలుపు మూయరు. వాయులింగానికి తొడిగే కవచం మీద నవగ్రహాలూ, ఇరవై ఏడు నక్షత్రాలూ ఉంటాయి. గ్రహాలన్నీ స్వామి అదుపులో ఉన్నప్పుడు రాహుకేతువులు ఆయన్నేం చేస్తారన్నది మావాళ్ల నమ్మకం. అందుకే గ్రహణ సమయంలోనే అభిషేకం చేస్తారు. రాహుకేతు పూజకు తమిళనాడు నుంచీ, కర్ణాటక నుంచీ జనం దిగుతారు. స్వర్ణముఖిలో నీళ్లుంటే పట్టు స్నానం, విడుపు స్నానం అక్కడే. గ్రహణమంటే తలుపు వేసుకోవడమే అనుకునే దేశంలో ఒక ఊరు దాన్ని తిరునాళ్ల చేసుకోవడం నాకెప్పుడూ గర్వంగానే ఉంటుంది.

ఇళ్లల్లో సంగతి వేరు. పాల మీద, ఊరగాయ జాడీల మీద గరికో దర్భో వేస్తారు. పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెడతారు. అది నిలబడితే గ్రహణం పట్టినట్టు, పడితే విడిచినట్టు. నిజానికి అడుగు చదునుగా ఉన్న రోకలి ఏ రోజైనా నిలబడుతుంది. అయినా వీధి పిల్లలంతా దాని చుట్టూ చేరడం నాకిష్టం. కడుపుతో ఉన్న ఆడపిల్లను పొద్దస్తమానం చీకటి గదిలో తిండీ నీళ్లూ లేకుండా కూర్చోబెట్టడాన్ని మాత్రం ఒప్పుకోలేను. ఆ ఆచారం పోవాలి.

సంపూర్ణ గ్రహణపు నీడ ఈ మధ్య కాలంలో మా ఊరిని తాకలేదు. 1868 ఆగస్టు 18న అది గుంటూరు మీదుగా పోయింది. ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ అక్కడి నుంచే సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వెలుగును విడదీసి చూశాడు. 1980 ఫిబ్రవరి 16న తెలంగాణ మీదుగా వెళ్లింది. ఉస్మానియా వారి జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రజ్ఞులు పరికరాలు బిగించుకుని కూర్చుంటే, హైదరాబాదు వీధులు కర్ఫ్యూ పెట్టినట్టు ఖాళీ అయ్యాయి. మాకు అప్పుడూ పాక్షికమే.

మాకు దగ్గరగా వచ్చినవాటిలో ఒకటి 2010 జనవరి 15 నాటి వలయ గ్రహణం. ఆ రోజు కనుమ, మాకు పశువుల పండగ. రామేశ్వరం, కన్యాకుమారి వైపు సూర్యుడు ఉంగరంలా కనబడితే, ఇక్కడ మూడొంతులకు పైగా మరుగై సన్నని నెలవంకలా మిగిలాడు. మిట్టమధ్యాహ్నం ఎండ పలచబడింది. చాలా ఇళ్లల్లో గ్రహణం విడిచి, తలంట్లయ్యాకే పొయ్యి వెలిగింది, ఆవులకు పసుపూ కుంకుమా పడ్డాయి. అదే సమయంలో చిత్తూరు దారిలోని గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధనశాలవాళ్లు రాడార్‌ను ఆకాశంలోకి పెట్టి, ఎండ తగ్గేకొద్దీ పైగాలులు ఎలా మారుతున్నాయో కొలుస్తున్నారు. కాళహస్తిలో అభిషేకం, గాదంకిలో కొలత, పల్లెల్లో పండగ వంట, అన్నీ ఆ ఒక్క మధ్యాహ్నమే. మా జిల్లా చరిత్రలో ఆ రోజుకు ఒక పేజీ ఇవ్వాలి.

2022 అక్టోబరు 25న దీపావళి మరునాడే ఇంకో గ్రహణం వచ్చింది. కొండ మీద ఉదయం 8 దాటాక వేసిన తలుపులు రాత్రి 7.30 దాకా తీయలేదు. సూర్యుడు గ్రహణంతోనే కుంగిపోయాడు. పంచాంగం చూసేవాళ్లు దాన్ని గ్రస్తాస్తమయం అంటారు. విడుపు కంటికి కనబడదు కాబట్టి స్నానం ఎప్పుడు చేయాలన్న చర్చ మా వీధిలో చాలాసేపు నడిచింది.

2031 మే 21న వలయ గ్రహణం కేరళ, తమిళనాడుల మీదుగా వెళ్తుంది. మాకు మళ్లీ నెలవంక సూర్యుడే. అది బుధవారం, పిల్లలకు వేసవి సెలవులు. కాళహస్తి నిండిపోతుంది. ఆ వరుసల్లో గంటలకొద్దీ నిలబడే జనానికి గ్రహణం కళ్లద్దాలు అందించేవాళ్లూ, మాడవీధిలో తగిన వడపోత అద్దం బిగించిన టెలిస్కోపు పెట్టేవాళ్లూ తిరుపతి కాలేజీల్లోంచే రావాలి. ఆ ఏర్పాటుకు ఇప్పటి నుంచే మొదలుపెట్టినా తొందర కాదు.