సయత్ నోవా: త్రిభాషా వాగ్గేయకారుఁడు

పదునెనిమిదవ శతాబ్దిని కాకసస్ ప్రాంతమునందలి తిఫ్లిస్ నగరము పెక్కు భాషలకుఁ గూడలి. ఏలువారు జార్జియనులు, వర్తకులలోను, చేతిపనివారిలోను ఆర్మీనియనులు పెక్కండ్రు, గాయకుల యుమ్మడి భాష తురుష్కము. అందుఁ బెరిగిన ఆర్మీనియకవి సయత్ నోవా. ఇతని యసలు పేరు హరుత్యూన్. జన్మసంవత్సరము 1712 అని కొందఱును, 1722 అని కొందఱును నిర్ణయించిరి.

ఇతఁడు బాల్యమున నేఁతపని నేర్చెను. పిదపఁ గమాంచా యను తంత్రీవాద్యమును సాధించి, పదమును, వరుసను దానే కూర్చి పాడు వాగ్గేయకారుఁ డయ్యెను. ఇట్టివారిని ఆ దేశమున ‘ఆషుగ్’ లందురు. మన పదకర్తలవలె గీతాంతమున ముద్ర నిలుపుట వీరి సంప్రదాయము. ‘సయత్ నోవా’ యట్టి ముద్రయే. దానికి ‘గానప్రభువు’ అనియు, ‘గానమును వేఁటాడువాఁడు’ అనియు నర్థము చెప్పుదురు.

జార్జియారాజగు రెండవ ఎరెక్లే యితని నాస్థానమునఁ జేర్చుకొనెను, తరువాత వెడలఁగొట్టెను. రాజసోదరియగు ఆనాను వలచుటయే కారణమని లోకోక్తి. ఆ కథకుఁ గలిగిన ప్రచారము దాని లిఖితసాక్ష్యమునకు మించినది. 1759 ప్రాంతమున నితఁడు స్తెఫానోస్ అను పేర మతాచార్యుఁ డయ్యెను.

చరిత్రకారుఁడు కథలకంటె నెక్కువగా నమ్మఁదగినది కవి పాటల ‘దవ్తార్’. తెలుఁగువా రెఱిఁగిన దఫ్తర మను మాట దీని తోఁబుట్టువే. నేఁటికి లభించిన గీతములలోఁ దురుష్కమువి నూటికి మించినవి. ఆర్మీనియమువి యఱువది ప్రాంతము. జార్జియనువి ముప్పదికిఁ బైఁబడినవి. సంఖ్యచేఁ దురుష్కమే మిన్న యయ్యును, కీర్తి యాతనికి ఆర్మీనియగీతములచేతనే కలిగినది. అవియును పండితులు పాటించిన ప్రాచీన ‘గ్రబార్’ భాషలోఁ గాక, తిఫ్లిస్ వాడుకభాషలో నున్నవి. కావున నితని నొక్కజాతి కవిగా మాత్రమే గణించుటయు, వాడుకభాషలో వ్రాసెనని చిన్నచూపు చూచుటయు రెండును బొరపాటులే.

ఆర్మీనియభాషలో మొదటి పత్రిక ‘అజ్దరార్’ 1794 లోఁ జెన్నపట్టణముననే యచ్చుపడెను. మఱుసటి యేఁడు పారసీకపాలకుఁడగు ఆఘా మహమ్మదుఖాన్ తిఫ్లిసును గొల్లగొట్టినపుడు కవి హతుఁ డయ్యెను. అప్పటికిఁ దన గీతములు జనుల నోళ్లయందును, వ్రాఁతప్రతులయందునే యుండెను. గెవోర్గ్ అఖ్‌వెర్దియాన్ అను వైద్యుఁడు వానిని సేకరించి 1852 లో మాస్కోయందుఁ బ్రకటించెను. ఆ ముద్రణముతోనే సయత్ నోవా పాటకుల కవియే గాక పాఠకుల కవియు నయ్యెను.