రాకాసి తొడ ఎముక

ఆమదాలవలస పక్కన దన్నానపేటలో ఒక పెద్ద రాతిపలక ఉంది. బృహత్ శిలాయుగపు సమాధి మీది కప్పురాయి. పొడవు 36 అడుగులు, వెడల్పు 14, మందం 2 అని రాస్తుంటారు. ఆ లెక్కన బరువు 70 టన్నులు దాటుతుంది. మా అమ్మమ్మ మాత్రం ఒక్క ముక్కలో తేల్చేసేది: "రాకాసోళ్లు ఎత్తేర్రా. మనలాటోళ్ల వల్ల అవుద్దేటి?" ఇలాంటి వాటిని తెలుగునాట చాలాచోట్ల రాక్షస గుళ్ళు అనే అంటారు.

అలాంటి రాయి కింద 45 సెంటీమీటర్ల మగవాడి తొడ ఎముక దొరికిందనుకుందాం. మనిషి ఎత్తులో తొడ ఎముక పావు వంతు కన్నా కాస్త ఎక్కువ ఉంటుంది. అంతమాత్రం చాలు, రిగ్రెషన్ వేసేయొచ్చు. 1899లో కార్ల్ పియర్సన్ చేసిందదే. డేటా మాత్రం ఆయనది కాదు, ఫ్రాన్స్‌లో రోలే అనే డాక్టరు కొలిచిన 100 శవాలది.

ఇప్పటికీ ఎక్కువగా వినిపించే ఫార్ములాలు ట్రాటర్, గ్లేసర్‌లవి (1952). మిల్డ్రెడ్ ట్రాటర్ హవాయిలో కూర్చుని రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయిన అమెరికన్ సైనికుల ఎముకలు కొలిచింది. సైన్యంలో చేరినప్పటి ఎత్తు రికార్డుల్లో ఉంది కాబట్టి రెండూ జత కుదిరాయి. మన 45ని ఆవిడ తెల్లవాళ్ల ఫార్ములాలో వేస్తే 168.5 సెం.మీ., నల్లవాళ్ల దాంట్లో వేస్తే 165.3. ఎముక అదే!

మనకి దగ్గరి డేటా లేదా అంటే, 1924లో పాన్ ప్రచురించింది ఉంది. బెంగాల్, బీహార్, ఒరిస్సా హిందువుల శవాలు. తొడ ఎముకని సుమారు 3.8తో గుణించమంటాడు. 171 వస్తుంది. ఒరిస్సా మనకి పొరుగే కాబట్టి ఇదే నమ్ముదామా? శవం పొడవు, బతికున్న మనిషి నిలబడ్డ ఎత్తు కన్నా రెండున్నర సెంటీమీటర్ల దాకా ఎక్కువ ఉంటుంది. అది తీసేస్తే మళ్ళీ 168 దగ్గరికి వచ్చి పడతాం.

నాకు బాగా నచ్చిన కథ ట్రాటర్ టిబియాది. మోకాలి కింది ఆ ఎముకని చీలమండ లోపలి బుడిపెతో కలిపి కొలవాలని ఆవిడే రాసింది. కొలిచేటప్పుడు బుడిపె వదిలేసింది. నలభై ఏళ్ల తర్వాత, 1990లలో, జాంట్జ్ బృందం పట్టుకుంది. ఈలోపు రాసినట్టే బుడిపెతో కొలిచి ఆ ఫార్ములాలో వేసినవాళ్లందరికీ చనిపోయినవాళ్లు రెండు మూడు సెంటీమీటర్లు పొడుగైపోయారు. డాక్యుమెంటేషన్ ఒకటి, కోడ్ ఇంకొకటి. మా ఆఫీసులో ఇది వారానికోసారి చూస్తాను, కానీ చచ్చిపోయినవాళ్ల మీద చూడలేదు.

అందుకే తవ్వకాల రిపోర్టుల్లో "సగటు ఎత్తు ఇంత" అని దశాంశంతో కనిపిస్తే ముందు ఎవరి ఫార్ములా అని వెతుకుతాను. ఆ దశాంశం వెనక లియోన్ శవాగారమో, పసిఫిక్‌లో పడిపోయిన ఒహాయో కుర్రాడో ఉంటాడు. శ్రీకాకుళం మనిషి ఉండడు.

ఊరికే అమ్మమ్మ రాకాసికి కూడా లెక్క కట్టాను. ఏడడుగులు, అంటే 213 సెం.మీ. పాన్ లెక్కన తొడ ఎముక 56 ఉండాలి. ట్రాటర్ తెల్లవాళ్ల ఫార్ములాని తిరగేస్తే 64 దగ్గర. ఎనిమిది సెంటీమీటర్ల తేడా. ఏడడుగుల మనిషిని కొలిచి కట్టిన లెక్కలు కావు కదా ఇవి.