తడబడు ఇంజను: నిలకడ వెదకిన చరిత్ర

బండి నిలిచియున్నది, ఇంజను మాత్రము తిరుగుచున్నది. మెకానిక్కులు దీనినే ‘ఐడిలింగు’ అందురు. ఆ వేళ ఇంజను ఒకసారి వేగమెత్తి, మరుక్షణమున కుంగి, మరల లేచుచుండిన, నిలకడ తప్పినదన్నమాట. నాలుగు రోడ్ల కూడలిలో అట్లే ఆగిపోయినచో ప్రాణాపాయము కూడ కలుగవచ్చును. ఈ జబ్బు క్రొత్తది కాదు. దాని మూలము ఆవిరి యంత్రముల కాలమున నున్నది.

1788లో జేమ్స్ వాట్ ఆవిరి యంత్రమునకు రెండు గుండ్ల గవర్నరును అమర్చెను. వేగము హెచ్చిన గుండ్లు పైకెగసి ఆవిరి మార్గమును కొంత మూయును, తగ్గిన తెరచును. అయితే కొన్ని యంత్రములలో ఈ దిద్దుబాటు హద్దు మీరి, వేగము ఊయలవలె ఊగెడిది. 1868లో మాక్స్‌వెల్ గవర్నరులను గూర్చి వ్రాసిన వ్యాసమున, ఆ ఊపు ఎప్పుడు చల్లారునో, ఎప్పుడు పెరుగునో గణితముతో చూపెను. దిద్దుట ఒక్కటే చాలదు. తగిన వేళకు, తగిన మోతాదులో దిద్దవలెను.

పెట్రోలు ఇంజనులో ఈ చిక్కు మరియొక రూపమున వచ్చినది. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండుటకు బరువులో సుమారు 14.7 పాళ్ల గాలి కావలెను. చిరకాలము ఈ కలయికను కార్బురేటరే నెరపెను. 1957లో అమెరికాలోని బెండిక్స్ సంస్థ విద్యుత్తుతో పెట్రోలును చిమ్ము పద్ధతిని ప్రకటించెను గాని అది కొలది కార్లకే పరిమితమయ్యెను. 1967లో జర్మనీలోని బాష్ సంస్థ ‘డి-జెట్రానిక్’ను వోక్స్‌వాగన్ 1600 కారునకు అమర్చెను. ‘డి’ యనగా జర్మను భాషలో ‘డ్రుక్’, ఒత్తిడి. తరువాత వచ్చిన ‘ఎల్-జెట్రానిక్’లో ‘ఎల్’ యనగా ‘లుఫ్ట్’, గాలి. ఇది లోనికి పోవు గాలిని ఒక రెక్కతో కొలిచి, దానికి తగినంత పెట్రోలును చిమ్మించును. 1975లో అమెరికాకు పంపిన వోక్స్‌వాగన్ వ్యానులలో ఈ పద్ధతియే వచ్చెను.

ఇట్టి పాత వ్యాను తడబడినచో కారణమెచ్చట వెదకవలెను? రెక్కను దాటిన పిమ్మట పగిలిన రబ్బరు గొట్టము గుండా గాలి చొరబడినదనుకొందము. ఆ గాలి లెక్కకు రాదు. దానికి తగిన పెట్రోలును రాదు. కొలిచిన గాలిలో అయిదవ వంతు అదనముగ చేరినచో, 14.7 పాళ్లు 17.6 పాళ్లగును. అంత పలుచని మిశ్రమము సరిగా మండదు. బండి వేగముగ పోవునపుడు ఇంజను పీల్చు గాలి విస్తారము గనుక చిన్న చిల్లు లెక్కలోనికి రాదు. ఐడిలింగులో గాలి స్వల్పము గనుక అదే చిల్లు పెద్ద దోషమగును. జబ్బు ఐడిలింగులోనే బయటపడుటకు ఇది యొక ముఖ్య కారణము.

కనుక ముందుగా స్పార్కు ప్లగ్గులను, వాల్వుల సందును సరిచూచి, గొట్టములను పరీక్షింపవలెను. ఈ వ్యానులో ఇంజను తిరుగుచుండగా ఆయిలు పోయు మూతను తీసిన, మామూలుగా ఇంజను తూలవలెను. ఏ మార్పును కనబడకున్న, గాలి మరియొక చోట ఇదివరకే దూరుచున్నదని అనుమానింపవచ్చును. తరువాత ఉష్ణతను తెలుపు సెన్సారు. దాని నిరోధము 20 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద సుమారు 2,500 ఓములు. 80 డిగ్రీల వద్ద సుమారు 300 ఓములు. తీగ తెగిన నిరోధము అనంతమగును. నియంత్రణ పెట్టె ఇంజను గడ్డకట్టు చలిలో నున్నదని భ్రమించి పెట్రోలును మితిమీరి చిమ్మించును.

ఇందలి రహస్యమును ఉపాధ్యాయులు గమనింపవలెను. ఆ పెట్టె తప్పు చేయలేదు. దానికి అందిన వార్తయే తప్పు. ఖరీదైన పెట్టెను మార్చిన జబ్బు పోదు, డబ్బు మాత్రము పోవును. వాట్ గుండ్లకైనను, బాష్ పెట్టెకైనను, కొలత సరియైనప్పుడే దిద్దుబాటు సరియగును. ఒక థర్మిస్టరు, ఒక ఓము మీటరు, గ్లాసెడు వేడినీరు ఉన్నచో విద్యార్థులు ఈ పాఠములో సగమును తరగతిలోనే కన్నులార చూడవచ్చును.